మందుల బండిలో కొవ్వొత్తులు

పెట్టె కట్టేసి పొద్దున్నుంచీ బల్ల మీదే ఉంది. ఆమె మాత్రం ఒక్కచోట నిలవలేకపోతోంది. వంటింట్లోకి వెళ్తుంది, పొయ్యి తగ్గిస్తుంది, మళ్లీ వచ్చి పెట్టె మీద చెయ్యి వేస్తుంది. ఆ తర్వాత నేల మీద బోర్లా పడుకుని గిలక్కాయ నాకుతున్న పాప నుదుటి మీద అదే చెయ్యి వేస్తుంది. రెండూ చల్లగానే ఉన్నాయి. అయినా మనసు కుదురుగా లేదు.

పెట్టెలో ఉన్నవి కొవ్వొత్తులు. మామూలువి కావు. గులాబీల్లా, విచ్చీ విచ్చని మొగ్గల్లా, ఒక్కొక్క రేకూ వేలితో వంచి ఆమె చేసినవి. దూరపు ఊళ్లో బహుమతుల కొట్టు నడిపే ఆవిడకు అవి తెగ నచ్చి మొదటి విడత తెప్పించుకుంది. పెట్టె విప్పేసరికి పువ్వులు లేవు. అన్నీ కలిసి ఒకటే ముద్ద. అందులోంచి వత్తులు మాత్రం మీసాల్లా పైకి లేచి ఉన్నాయి. ఆవిడ ఫొటో తీసి పంపింది, తర్వాత ఫోన్ చేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీ పనితనానికి వంక పెట్టనమ్మా," అంది. "ఇంకొక్కసారి చూస్తాను. ఈసారి కూడా ఇలాగే వస్తే మాత్రం నన్నేమీ అనుకోకు, వేరేవాళ్లని చూసుకుంటాను."

ఆ ఇంకొక్కసారే ఇప్పుడు బల్ల మీదున్న పెట్టె.

చిక్కల్లా మరిదితోనే. అతను ఒక పార్సిల్ కంపెనీకి ఆ పేట ఏజెంటు. మొదటి విడత అతని చేతికే ఇచ్చారు. ఇంట్లో మనిషిని పెట్టుకుని బయటివాళ్లకి ఇస్తే నలుగురూ నవ్వుతారని అత్తగారు పట్టుబట్టింది. ముద్ద సంగతి తెలిశాక కూడా ఆవిడ తగ్గలేదు.

"కరిగిపోతే వాడేం చేస్తాడు? నువ్వే మైనం పల్చగా పోసుంటావు," అంది. "చిన్నోడు సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాడులే. నువ్వలా కాలుగాలిన పిల్లిలా తిరక్కు, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

భర్తకు రాత్రే చెప్పి చూసింది. పగలంతా బస్సు తోలి వచ్చిన మనిషి. "అటు అమ్మ, ఇటు తమ్ముడు. మధ్యలో నన్ను నలపకు తల్లీ," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక ఆగలేక పాపను చంకనేసుకుంది.

"పాపకి చెప్పులు కొనుక్కొస్తానత్తయ్యా."

"నడక రాని పిల్లకి చెప్పులేంటే?"

"ముందు కొనుంచితే, వాటిని చూసైనా నడుస్తుందేమోనని."

అత్తగారు ఇంకో మాట అనేలోపే వీధి మలుపు దాటేసింది.

పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపుల కంపెనీ ఒకటుంది. లోపల ఏసీ. టై కట్టుకున్న గుమాస్తా కుర్చీ జరిపి మరీ కూర్చోబెట్టాడు.

"మీ పార్సిల్ ఎక్కడుందో ఎప్పటికప్పుడు మీ ఫోన్లోనే కనిపిస్తుంది మేడమ్."

"ఎక్కడుందో సరేనండీ. ఎంత వేడెక్కిందో కూడా కనిపిస్తుందా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వులాటకు అనలేదు. సరుకు ఎక్కడ పెడతారో చూపించమంటే, బయటివాళ్లను లోపలికి రానివ్వమన్నాడు. ఆమె లేచి బయటికి వచ్చి పక్క సందులోంచి వెనక్కి నడిచింది. అద్దాల గది వెనక ఉన్నది ఒట్టి ఖాళీ స్థలం. నీలం పట్టా కింద పెట్టెలు కుప్పగా పడి ఉన్నాయి, పట్టా అందనివి ఎండలోనే ఉన్నాయి. గేటు ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి, పాపకు జ్వరం చూసినట్టే ఒక పెట్టె మీద ఆనించింది. వెంటనే వెనక్కి లాక్కుంది. ఇదే పిల్లయితే ఈపాటికి ఆసుపత్రికి పరుగు తీసేది.

అక్కడి నుంచి తిన్నగా మరిది దగ్గరికే వెళ్లింది. అతను ఎక్కడ పనిచేస్తాడో ఇంట్లో అందరికీ తెలుసు గానీ, ఎవరూ ఒక్కసారైనా వెళ్లి చూడలేదు. రేకుల షెడ్డు. గుమ్మంలో అడుగు పెట్టగానే వేడి మొహం మీద కొట్టింది. మరిది బనీనుతో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు. వదినను చూసి గబగబా చొక్కా తొడుక్కున్నాడు.

"పాపని ఇక్కడికెందుకు తెచ్చావొదినా? ముందు బయటికి తీసుకెళ్లు."

"ఈ రేకుల కింద పెట్టె ఎంతసేపు ఉంటుంది?"

"బండి నిండేదాకా."

"నిండకపోతే?"

అతను వదినను చేయి పట్టినంత పని చేసి గోడ నీడలోకి నడిపించాడు. పాప బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ఆమె కొంగుతో విసురుతూ అతన్నే చూస్తూ నిలబడింది.

"నేనే కరిగిపోతున్నానొదినా ఇక్కడ. బెల్టుకి కొత్త బెజ్జాలు పొడుచుకుంటున్నాను," అన్నాడు చివరికి. "నీ కొవ్వొత్తులెంత."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? అమ్మ వీధి వీధంతా మావాడి కంపెనీ, మావాడి కంపెనీ అని చెప్పుకుని తిరుగుతుంది. ఈసారి నాకివ్వకు. కానీ ఆ మాట నా నోటితో అమ్మ ముందు అనిపించకు, నీకు దణ్ణం పెడతాను."

అతనే దారి కూడా చెప్పాడు. మార్కెట్ వెనక, మందుల షాపులకు సరుకు చేరవేసేవాళ్లున్నారు. వాళ్లకు చల్లటి గది ఉంది. రాత్రి బయల్దేరి, ఎండెక్కక ముందే దింపేస్తారు. "కిరాయి మాత్రం బాగా పిండుతారు మరి," అని మెల్లగా చేర్చాడు.

మందపాటి గోడల పాత కట్టడం అది. కొలబద్దలా నిటారుగా ఒకావిడ బల్ల వెనక కూర్చుని, కళ్లజోడు పైనుంచి చూసింది.

"మందులే తీసుకుంటాం. కొవ్వొత్తులు కాదు."

"ఇవీ అలాంటివేనండీ. వేడి తగిలితే పనికిరావు."

"ఆ మాట అందరూ చెప్తారు."

ఆమె కదల్లేదు. అడగకుండానే, దగ్గర్లో ఉన్న పెట్టె మీద చెయ్యి వేసింది. నీళ్లకుండను తాకినట్టుంది. ఆ చెయ్యి తీయబుద్ధి కాక అలాగే ఉంచింది. బల్ల వెనకావిడ ఆ చేతిని చూసింది, చెమటకు జుట్టంతా నుదుటికి అంటుకుపోయిన పాపను చూసింది.

"షట్టర్ దించేలోపు తెస్తే ఎక్కిస్తాను. తర్వాత ఎవరొచ్చి చెప్పినా ఎక్కించను," అంది.

వాళ్లడిగిన కిరాయికి ఈ విడతలో ఆమెకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. అయినా సరేనంది.

ఇంటికి వస్తూ మరిదికి ఫోన్ చేసింది. ఎప్పటిలాగే సాయంత్రం వచ్చి, అమ్మ ముందే పెట్టె తీసుకుని, నేరుగా మందులవాళ్ల దగ్గర దింపాలి. అతను సరేనన్నాడు. సరే అనడం అతనికి కొత్తేమీ కాదు.

పొద్దు వాలిపోతుండగా వచ్చాడు. వచ్చినవాణ్ణి అత్తగారు కూర్చోబెట్టి చేతికి టీ ఇచ్చింది.

"అత్తయ్యా, ఆలస్యమైతే బండి వెళ్లిపోతుంది."

"వాడి బండి వాణ్ణి వదిలేసి ఎక్కడికెళ్తుందే? తాగనీ."

మరిది ఒక్క గుక్కలో మింగి, నాలుక కాల్చుకుని, పెట్టె తీసుకుని బయటపడ్డాడు. బైకు వెనక పెట్టె ఊగుతూ మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

తర్వాత ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేస్తే అదీ మోగలేదు. షట్టర్ దించేశారేమో. దించేస్తే అతనేం చేస్తాడు? మొహమాటానికి ఇంటికి తిరిగి తేడు. షెడ్డులో ఓ మూల పెట్టి పొద్దున చూద్దాంలే అనుకుంటాడు. ఆ రేకులు రాత్రయినా చల్లారవు. పాపను నిద్రపుచ్చి, తనకు నిద్ర పట్టక, మైనం పోసే అచ్చులు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

పొద్దెక్కాక మరిది వచ్చాడు. రాత్రి షెడ్డులో లోడు ఎక్కించే పని పడిందని, ఫోన్లో చార్జింగ్ అయిపోయిందని చెబుతూ చెప్పులు విడుస్తున్నాడు. "ఇచ్చావా?" అని కళ్లతోనే అడిగింది. అతను తలూపేలోపు ఆమె ఫోన్ మోగింది. కొట్టావిడ.

"విప్పానమ్మా. ఒక్క రేకు చెదర్లేదు. కిటికీలో పెట్టానో లేదో ఎవరో లోపలికొచ్చి అడిగారు. వారం వారం పంపగలవా?"

పంపుతానంది. ఫోన్ పెట్టేసి, కొట్టావిడ అన్నదంతా అత్తగారికి చెప్పింది.

"చూశావా మరి," అంది అత్తగారు. "మా చిన్నోడి చెయ్యి పడ్డాక తిరుగుంటుందా? ఇక వారం వారం వాడే పట్టుకెళ్తాడు."

వారం వారం. ఆ టీ, ఆ షట్టరు, ఆ ఎత్తని ఫోను. ఇది మోయడం తన వల్ల కాదు.

"పట్టుకెళ్లింది చిన్నోడే అత్తయ్యా. పంపింది మాత్రం మందులవాళ్లు. ఇక మీదట కూడా వాళ్లతోనే పంపుతాను. నేనే వెళ్లి ఇచ్చొస్తాను."

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. అతను తన కాలి బొటనవేలును ఎన్నడూ చూడనట్టు చూసుకుంటున్నాడు.

"నిజమేంట్రా?"

"నిజమేనమ్మా. మా షెడ్డులో పెడితే మళ్లీ ముద్దే."

ఆవిడ కొడుకు వైపు ఇంకో అడుగు వేసింది.

"మరి మా అక్క మనవలకి నీచేత పంపిన చాక్లెట్లో?"

"చెంచాతో తిన్నారంటమ్మా. బాగున్నాయన్నారు."

అత్తగారి మూతి బిగుసుకుంది. వంగి పాపను ఎత్తుకుంది.

"వెళ్లేరోజు దీన్ని నాకొదిలెయ్. ఎండన పడి తిప్పకు," అంది కోడలి మొహం చూడకుండా. "నువ్వు మాత్రం అచ్చులు ముందేసుకుని కూర్చోకుండా వేళకి వెళ్లు. వాళ్ల షట్టర్ నీకోసం తెరిచి పెట్టరు."