కిటికీలో వాన

ఒకటో తరగతి గదిలో ఉదయం తొమ్మిదింటికి చేయాల్సిన పనులు నాలుగు. వారం చెప్పడం, తేదీ చెప్పడం, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడం, కిటికీలోంచి చూసి ఎండో వానో మబ్బో తేల్చి దానికి తగిన అట్టముక్కను బోర్డుకి తగిలించడం. మొదటి మూడింటితో కొత్త టీచరుకి ఏ పేచీ లేదు. నాలుగోదే కొంప ముంచేలా ఉంది.

ఆమె ఉద్యోగంలో చేరి మూడు నెలలు నిండాయి. మూడు నెలలు చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం, లేదంటే లేదు అని హెడ్మిస్ట్రెస్ చేరిన రోజే మొహమాటం లేకుండా చెప్పేసింది. ఆ చూడడమేదో ఇవాళే. "ఇది కూడా ఊడగొట్టుకున్నావంటే ఇంక నన్ను సిఫార్సు అడక్కు" అని పొద్దున్నే అక్క ఫోన్లో దీవించింది. అప్పటికే రెండు ఉద్యోగాలు ఊడగొట్టుకున్న మనిషికి అంతకన్నా మంచి దీవెన ఎక్కడ దొరుకుతుంది?

వాన గొడవ నెల కిందట మొదలైంది. బయట ఎండ మాడ్చేస్తుంటే పిల్లలు వాన అట్ట తగిలించారు. "బాగా చూశారా?" అంటే చూశామన్నారు. మర్నాడూ వానే. నీలం అట్ట మీద చినుకుల బొమ్మలు ముద్దుగా ఉన్నాయి కాబట్టి దానికోసం ఎగబడుతున్నారని టీచరు తేల్చుకుంది. పిల్లల్ని పదిమందిలో కాదనకూడదని శిక్షణలో చెప్పారు. అందుకని పైకి "శభాష్" అనేది. బడి వదిలాక వాన తీసి ఎండ పెట్టేది. గోడ మీది నెల పట్టికలోనూ ఎండ అనే రాసేది. ఎండ నిజమే కదా, ఇందులో తప్పేముందని ఆమె లెక్క.

హెడ్మిస్ట్రెస్ వచ్చింది. భారీ మనిషి. పిల్లల కుర్చీ వైపు ఒకసారి చూసి, దాని మీద దయతలచి నిలబడే ఉంది. గుమ్మం దగ్గర ఆయా చీపురు పట్టుకుని ఒదిగి నిల్చుంది.

వారం అయింది, తేదీ అయింది, లెక్క అయింది. నాలుగోదానికి వంతు లాయరుది. లాయరంటే ఆరేళ్ళ పిల్ల. వాదన లేకుండా మంచినీళ్ళు కూడా తాగదని ఆయా పెట్టిన పేరది. వంతు మార్చేద్దామని టీచరు నిన్నంతా ఆలోచించింది కానీ, వంతుల జాబితా గోడ మీద ఉంది, లాయరుకి చదవడం వచ్చు. అది నేర్పిందీ టీచరే.

లాయరు కిటికీ దగ్గరికి వెళ్ళింది. తీరిగ్గా చూసింది. వచ్చి వాన అట్ట తగిలించింది.

హెడ్మిస్ట్రెస్ రుమాలుతో మెడ మీది చెమట తుడుచుకుంది. "వానా?"

"వానే మేడమ్."

"నేను ఎండలో మాడుతూ వచ్చానమ్మా."

"నేనూ ఎండలోనే వచ్చాను. కానీ కిటికీలోంచి చూసిందే చెప్పాలి. ఊహించి చెప్పకూడదు. టీచరు రూలు." లాయరు ఆవిడ వేలు పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది.

కిటికీ పై సగం నిండా అక్షరాల చార్టులున్నాయి. నెల కిందట టీచరే ముచ్చటపడి అతికించింది. పెద్దవాళ్ళు చూడాలంటే గొంతుక్కూర్చోవాలి. హెడ్మిస్ట్రెస్ కిటికీ చువ్వ పట్టుకుని దశలవారీగా కిందికి దిగింది, చూసింది.

"నువ్వూ రామ్మా" అంది టీచరుతో.

టీచరు పక్కన కూర్చుని చూసింది. ఎదురుగా పక్క బిల్డింగు గోడ. ఆకాశం అంగుళం కూడా కనబడటం లేదు. పైన ఎక్కడో ట్యాంకు నిండి పొర్లుతున్నట్టుంది. ఎవరో మోటారు వేసి మరిచిపోయారు. గోడ పొడుగునా నీళ్ళు చినుకులు చినుకులుగా రాలుతున్నాయి.

"రోజూ తొమ్మిదింటికి పడుతుంది" అంది లాయరు. "పైనుంచి నీళ్ళు పడితే వాన. అదీ టీచరే చెప్పింది. ఇంకో సంగతి మేడమ్. మా వానని రోజూ ఎవరో ఎత్తుకుపోతున్నారు." నోటు పుస్తకం చివరి పేజీ తీసి చూపించింది. పెన్సిల్ గీతలు, వరసగా ఇరవై రెండు. "ఇన్ని వానలు పెట్టాం. పట్టికలో ఒక్కటీ లేదు."

హెడ్మిస్ట్రెస్ గుమ్మం వైపు తలతిప్పింది. "ఊడ్చేటప్పుడు నువ్వేమైనా అట్టలు కెలుకుతున్నావా?"

ఆయా ముఖం పాలిపోయింది. ఆవిడకీ ఇదే ఉద్యోగం. టీచరు అర నిమిషం నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. అక్క మాటలు చెవిలో గింగురుమంటున్నాయి. అలా తోచినందుకే సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆయా కాదు మేడమ్. నేనే మార్చాను. రోజూ."

లాయరు ముందుకొచ్చింది. "మార్చేముందు కిటికీలోంచి చూశారా టీచర్?"

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా చూడలేదమ్మా."

హెడ్మిస్ట్రెస్ గొంతు సవరించుకుంది. "ముందు నన్నెవరైనా లేపండి."

టీచరు, ఆయా, నలుగురు పిల్లలు కలిసి లేపారు. ఆవిడ బల్ల మీద వంగి కాగితంలో రాసింది: పిల్లలకి చూడడం వచ్చు. టీచరు ఇప్పుడే మొదలుపెట్టింది. ఈ ఏడాదికి ఉంచుదాం.

"పట్టిక మళ్ళీ రాయి" అంది వెళుతూ.

"వాన అని రాయాలా మేడమ్?"

"నన్నడుగుతావేం? ఆ పిల్లనడుగు."

సాయంత్రం బడి వదిలాక టీచరు చెయ్యి అలవాటుగా వాన అట్ట మీదికి వెళ్ళింది. గుమ్మంలో లాయరు సంచీ తగిలించుకుని నిలబడి ఉంది. వాళ్ళమ్మ ఇంకా రాలేదట. టీచరు చెయ్యి వెనక్కి తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుంది. గోడ పొడిగా ఉంది.

"ఇప్పుడు పడటం లేదు" అంది.

"మనం చూసింది తొమ్మిదింటికి కదా టీచర్."

టీచరు వాన అట్టను అలాగే ఉంచి, లేచి చార్టులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. లాయరు కింద కూర్చుని నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసింది. పైన కష్టపడి "టీచర్ చూసింది" అని రాసి, దాని కింద ఒక గీత గీసింది.