జెడ్ ఎటు పోతుంది

గోపాలపట్నంలో, పోర్టు క్రేన్లకు షాఫ్టులు చేసిచ్చే వర్క్‌షాపులో జగ్గారావుది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇనప కడ్డీని తిప్పుతూ చెక్కే లేతు మీద అతని చెయ్యి పడితే వెంట్రుకవాసి తేడా ఉండదని పేరు. ఎనభై ఏడులో అక్కడికి రెండు కంప్యూటర్ మిషన్లు దిగాయి: ఒక మిల్లింగు, ఒక లేతు. వాటి పని నేర్చుకు రమ్మని పైవాళ్ళు బెంగుళూరు పంపింది మాత్రం అతన్ని కాదు, జాలరిపేట నుంచి వచ్చే అర్జునరావుని. ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

తిరిగొచ్చిన అర్జునరావే జగ్గారావుకి నేర్పాలి. సోమవారం మిల్లింగు దగ్గర బటన్ల మీది ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తూ చెప్పాడు, "జెడ్ అంటే కట్టరు కిందికీ పైకీ పోడం బావా."

మంగళవారం లేతు దగ్గర, "జెడ్ అంటే టూలు అడ్డంగా, ముక్కని పట్టి తిప్పే చక్ వైపు వచ్చీ పోడం" అన్నాడు.

"నిన్న నిలువన్నావు కదేటి?"

"అది ఆ మిషను, ఇది ఈ మిషను" అంటూనే ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తన నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఎందుకు మూశాడు? జగ్గారావుకి అన్నం సయించలేదు. లేతుకి కావలసింది ఒక్క ఆపరేటరే. తన చేత టూలుని చక్‌కి గుద్దిస్తే ఆ కుర్చీ ఇక ఎవరిదో చెప్పక్కర్లేదు. బుధవారం పొద్దున్నే ఫోర్‌మన్ శ్రీరామ్మూర్తి దగ్గరికెళ్ళి, "కావాలనే తప్పు నేర్పుతన్నాడు సార్" అనేశాడు. మిషనుకి ఏమవుతుందోనని భయపడ్డ ఫోర్‌మన్ అర్జునరావుని పాత డ్రిల్లు దగ్గరికి పంపేశాడు. అతను జేబులో నోటుబుక్కు తడుముకుంటూ వెళ్ళాడు. అది కూడా జగ్గారావుకి దొంగ పనిలాగే కనబడింది.

తన మాట నిజమని తేల్చుకోవాలని మిషను పుస్తకం పట్టుకుని స్టోర్సులో పనిచేసే సూర్యకాంతమ్మ దగ్గరికెళ్ళాడు. ఆవిడ ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పింది.

"తిరిగే ఇరుసు, అదే స్పిండిల్, ఎటుంటే జెడ్ అటే, జగ్గారావు గారూ. ప్లస్ అంటే పని ముక్కకి దూరంగా పోవడం. ఏ మిషనుకైనా ఇంతే."

వచ్చి చూశాడు. మిల్లింగులో స్పిండిల్ నిలువుగా ఉంది. లేతులో పడుకుని ఉంది. జెడ్ ప్లస్ బటను ఒక్కసారి నొక్కాడు. టూలు చక్‌కి దూరంగా, అడ్డంగా జరిగింది. రెండు రోజులూ అర్జునరావు చెప్పింది నిజమే.

ఫోర్‌మన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, "తప్పు నాది సార్. నాకు అర్థం కాక అతని మీద చెప్పాను" అన్నాడు.

అర్జునరావు తిరిగొచ్చాడు. నోటుబుక్కు తెరిచి చూపించాడు. ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాల్లో, కొట్టివేతలతో ఉన్నాయి. "నా రాత సూసి నవ్వుతారని మూసేవోణ్ణి" అన్నాడు నెమ్మదిగా. తరవాత ఫోర్‌మన్ వైపు తిరిగాడు.

"మీరు ఇక్కడే ఉండండి సార్. నాను సెప్పేది మీరూ ఇనండి. రేపు మళ్ళీ నా మీద మాటొస్తే మీరే సాచ్చి."

రెండు వారాల్లో లేతు జగ్గారావు చేతికొచ్చింది. పాఠం చెప్పిన ప్రతిసారీ మూడో మనిషి పక్కన నిలబడే ఉన్నాడు.