ఉలిక్కిపడే చొక్కాలు

తెల్లవారగానే ఇస్త్రీ కొట్టు తలుపు తీయడం, బల్ల మీద దుప్పటి పరచడం, గిన్నెలో నీళ్ళు పెట్టుకోవడం, వేలు తడిపి ఇస్త్రీ పెట్టె అడుగున తాకించి చూడడం, ఇవన్నీ అమ్మకి నిద్రకళ్ళతోనే అయిపోతాయి. పక్కనే స్టూలు మీద కూర్చుని అమ్మమ్మ బట్టలు దులిపి వేరుచేస్తుంది. బడిపిల్లల చొక్కాల్ని మాత్రం మెల్లగా ముట్టుకుంటుంది. పిల్లల ఒంటి మీద ఉండగా దెబ్బ తిన్న చొక్కా అయితే, కొట్టిన మనిషి దగ్గర్లో చెయ్యెత్తితే చాలు, ఉలిక్కిపడి ముడుచుకుపోతుంది. ఇస్త్రీ పడ్డాక ఇక కదలదు. అందుకే కొందరు తల్లులు, ఎవరి కంటా పడకుండా, పిల్లల బట్టలు ఏ రోజువి ఆ రోజే ఇస్త్రీకి ఇస్తారు.

ఆ వారం వాళ్ళింట్లోనే దిగులు. అమ్మ కూతుర్ని, చిన్నదాన్ని, బడినుంచి పంపేశారు. లెక్కల మాస్టారు స్కేలుతో వీపు మీద కొట్టి, చాలక చెయ్యి కూడా చాపమన్నాడు. "చాపను సార్. పిల్లల్ని కొట్టకూడదని చట్టం ఉంది" అంది ఇది. క్షమాపణ కాగితం మీద సంతకం పెడితేనే మళ్ళీ రానిస్తామన్నారు. పెట్టనంది. సంగతి విద్యాశాఖ అధికారిణి దాకా వెళ్ళింది. విచారణకి రమ్మని, ఆ రోజు వేసుకున్న చొక్కాని ఉన్నదున్నట్టుగా తెమ్మని కబురొచ్చింది.

"సంతకమేగా, పెట్టేస్తే పోలా?" అంది అమ్మ, అప్పటికి ఎన్నోసారో. "ఎక్కణ్ణుంచో వచ్చి బతుకుతున్నవాళ్ళం. మనకెందుకే గొడవలు?"

"తప్పు చేశానని ఉందమ్మా అందులో. ఏం తప్పు చేశానో నువ్వు చెప్పు, పెట్టేస్తా."

అమ్మ ఇంకో చొక్కా అందుకుంది.

"ఆ నోరు చూడు, అచ్చం నీదే" అంది అమ్మమ్మ.

"నాదా? నేనెప్పుడైనా నీకు ఎదురు చెప్పానా?"

"మరి ఇప్పుడు చేస్తున్నదేంటే?"

విచారణ రోజు పొద్దున అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పెద్దవాళ్ళు కూర్చునే చోట, ఇస్త్రీవాళ్ళ పిల్ల చొక్కా ఇలా నలిగి ఉంటే ఏమనుకుంటారు? ఆలోచన ఆలోచనలోనే ఉంది, చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ కదిలిపోయింది. అమ్మమ్మ మొహం కడుక్కుని వచ్చేసరికి చొక్కా మడత పడి, కాలరు నిటారుగా, బల్ల మీద ఉంది.

"ఎంత పని చేశావే!"

అమ్మ ఇస్త్రీ పెట్టెని దూరంగా జరిపేసింది. చిన్నది చొక్కా తీసి సంచిలో పెట్టుకుంది.

"పోనీలే అమ్మా. నా నోటికి ఇస్త్రీ చెయ్యలేదుగా."

హెడ్మాస్టరు గదిలో అధికారిణి చొక్కాని బల్ల మీద పరిచి, మాస్టార్ని చెయ్యెత్తమంది. ఆయన ఎత్తాడు. చొక్కా కదల్లేదు.

"చూశారుగా మేడమ్" అన్నాడు హెడ్మాస్టరు. కాగితమూ కలమూ అమ్మ ముందుకి జరిపాడు. "మీరైనా చెప్పండమ్మా. పిల్ల భవిష్యత్తు. పోనీ, దాని బదులు మీరే సంతకం పెట్టండి."

అమ్మ కలం అందుకుంది. చిన్నది అమ్మనే చూస్తోంది. బయట గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ మైదానంలోకి వచ్చి, కిటికీకి వీపు పెట్టి డ్రిల్లుకి వరుసల్లో నిలబడ్డారు.

"చొక్కాని పాడుచేసింది నేనండీ" అంది అమ్మ. "ఇస్త్రీ చేసేశాను. తప్పు నాది. మా అమ్మాయిది కాదు. అది కొట్టారని చెప్పిందంటే కొట్టారనే. నేను సంతకం పెట్టను."

చిన్నది జరిగి అమ్మని ఆనుకుని నిలబడింది.

అధికారిణి మాస్టారి వైపు తిరిగింది. "అయితే మీరు కొట్టలేదని ప్రమాణం చేయండి. రాసుకుంటాను."

"దానికేం" అంటూ లేచి మాస్టారు కుడి చెయ్యి పైకెత్తాడు.

కిటికీ అవతల మైదానంలో చొక్కాలన్నీ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. కాలర్లు మెడల్లోకి దూరాయి. చొక్కాల చేతులు మోచేతులపైకి లాక్కుపోయాయి. ఎవరూ ఇటు చూడనేలేదు, ఏమైందా అని ఎవరి చొక్కాని వాళ్ళు చూసుకుంటున్నారు. డ్రిల్లు మాస్టారి ఈల నోట్లోనే ఉండిపోయింది.

లెక్కల మాస్టారు ఎత్తిన చేతిని దించలేకపోయాడు, ప్రమాణం పూర్తి చేయలేకపోయాడు. చివరికి ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి తెచ్చుకున్నాడు. బయట చొక్కాలు వదులయ్యాయి.

"ఇంతమందినా?" అన్నాడు, తనలో తనే.

అధికారిణి క్షమాపణ కాగితం తిరగేసి, దాని వెనకే ఆర్డరు రాసింది. మాస్టారు ఇకనుంచి క్లాసులోకి వెళ్ళకూడదు. మిగతాది చట్టం చూసుకుంటుంది. పిల్ల ఈ పూటనుంచే బడికి రావచ్చు.

"వెళ్ళమ్మా, క్లాసుకి వెళ్ళు."

"నేనెక్కడ సంతకం పెట్టాలి మేడమ్?"

"నువ్వెందుకూ? ఇవాళ పెట్టాల్సిన సంతకాలన్నీ మావే."

హెడ్మాస్టరు జేబులు తడుముకున్నాడు. అమ్మ తన చేతిలో ఉన్న కలం ఆయనకిచ్చింది.