తొమ్మిది చెట్ల దీపాలు

షోజి తెచ్చిన కానుక కవరును నానమ్మ ముట్టుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని ఒకసారి చూసి, చూపుడువేలితో బల్ల మీద అవతలికి నెట్టింది.

"ఇది పెళ్ళి మాటకి తెచ్చారా, మా మనవరాలు పరీక్ష పాసైందనుకుని తెచ్చారా?" అంది.

కవరు చుట్టూ ఎరుపూ తెలుపూ కాగితపు తాడు ఉంది. పెళ్ళి కవరుకైతే ఎంత లాగినా విడని ముడి వెయ్యాలి. షోజి కవరు మీద ఉన్నది రెండు రెక్కల ముడి, ఒక కొస లాగితే ఊడిపోయేది. బిడ్డ పుట్టినప్పుడో, బడిలో చేరినప్పుడో, ఇలాంటివి మళ్ళీ మళ్ళీ రావాలని వేసే ముడి అది. పైగా అతను చేసుకోబోయే మసామికి, మనవరాలు చిహారు వాళ్ళమ్మకి, ఇది రెండో పెళ్ళి.

"తర్వాత ఇంకోటి కూడా కావాలనేమో!" అని నానమ్మ గొణిగింది, అందరికీ వినబడేలా.

షోజి చెవుల దాకా ఎర్రబడి, క్షమించమన్నాడు. ఎలా జరిగిందో మాత్రం చెప్పలేదు. మసామి తల దించుకుంది. తలుపు దగ్గర టీ పళ్ళెంతో నిలబడ్డ చిహారుకి నేల చీలితే బావుండుననిపించింది. తప్పు ఎవరు చేసినా సిగ్గుపడేది ఆ పిల్లే.

చిహారు నాన్న పోయి పదకొండేళ్ళు. మంచు కురిసిన ఒక ఉదయం పనికి వెళ్ళి, సాయంత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి కొండ మీది ఆ ఇంట్లో నానమ్మ, అమ్మ, చిహారు, ముగ్గురే. షోజి సెందాయ్ నగరంలో చెట్ల పని చేస్తాడు. పెళ్ళయితే ఈ ఊరికే వచ్చి ఉంటాననీ, రోజూ రైల్లో పనికి వెళ్ళొస్తాననీ మాటిచ్చాడు.

ఆ సాయంత్రం దుప్పటి కప్పిన వెచ్చని బల్ల కింద కాళ్ళు పెట్టుకుని కమలాపండు ఒలుస్తూ నానమ్మ అంది.

"కొడుకు పోయినా నా కోడలు నన్ను వదల్లేదు. దాన్ని కాదనడానికి నాకు నోరు రాదు. అలాగని ముడి కూడా వెయ్యడం రానివాణ్ణి నమ్మి ఇంట్లోకి ఎలా రానిస్తాం? ఆదివారం సెందాయ్‌లో చెట్ల దీపాలు చూపిస్తానన్నాడుగా. నువ్వూ వెళ్ళు. ఆయన నిలిచే మనిషో, ఊడిపోయే మనిషో చూసి నాకు ఫోన్ చెయ్యి. నువ్వు వద్దంటే వద్దు. మీ అమ్మ కూడా సరేనంది."

"నేనా?"

"నువ్వు కాక పక్కింటి పిల్లా?"

"నానమ్మా, నాకు కొత్తవాళ్ళతో మాట్లాడ్డం రాదు."

"మాట్లాడమన్నానా? చూడమన్నాను. కళ్ళున్నాయిగా."

చిహారు తొన తీసి, దాని మీది పీచు లాగుతూ కూర్చుంది. అమ్మ ఈ మధ్య వంట చేస్తూ కూనిరాగం తీస్తోంది. తను వద్దంటే ఆ రాగం ఆగిపోతుంది. సరే అంటే, ఆయన కూడా ఒక ఉదయం వెళ్ళి తిరిగి రాకపోతే?

ఆదివారం సెందాయ్ స్టేషన్‌లో షోజి వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు. రైలు దిగగానే జేబులో పెట్టుకునే వేడి పొట్లాలు చెరొకటి ఇచ్చాడు.

"చిహారు గారూ, మీరు రెండు ఉంచుకోండి. వీధిలో గాలి ఎక్కువ."

"పదిహేనేళ్ళ పిల్లని గారు ఏంటండీ!" అని మసామి నవ్వింది.

"ఆవిడ నాకింకా చనువు ఇవ్వలేదు కదండీ."

చిహారు మఫ్లర్ ముక్కు దాకా లాక్కుంది. లోపల నవ్వొచ్చింది గానీ ఎవరికీ కనబడనివ్వలేదు.

ఆ వీధికి చేరేసరికి చీకటి పడింది. నడిమి బాటకి రెండు వైపులా కెయాకి చెట్లు నాలుగంతస్తుల ఎత్తు పెరిగి, పైన కొమ్మలు కలిపి నిలబడ్డాయి. డిసెంబరు కాబట్టి ఒక్క ఆకు లేదు. కింద జనం భుజం భుజం రాసుకుంటూ, నోటినుంచి ఆవిర్లు వదులుతూ, మెడలు పైకెత్తి ఉన్నారు. ఐదున్నరకి దీపాలు వెలగాలి. ఎవరో అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. మూడు, రెండు, ఒకటి.

చప్పుడు లేకుండా వీధంతా వెలిగింది.

చిహారు ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. దీపాల బొమ్మ పేపర్లో చాలాసార్లు చూసింది. అందులో అది ఒక బొమ్మ, అంతే. ఇక్కడ వెలుగు తలమీద ఉంది, వెనకాల ఉంది, అమ్మ జుట్టులో ఉంది, తడి రోడ్డు మీద ఉంది. ప్రతి రెమ్మా తన చివరి దాకా బంగారంతో కనబడుతోంది. జూన్‌లో వాళ్ళ వరిచేల మీద మిణుగురులు లేచినప్పుడు ఇలాగే ఒళ్ళు ఝల్లుమంటుంది. కానీ అవి వందో రెండు వందలో. ఇక్కడ ఒక్క కొమ్మ దీపాలు లెక్కపెట్టబోయి సగంలోనే వదిలేసింది. పక్కనున్న ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అలా ఎందుకు చేశాడో చిహారుకి అర్థమైంది.

షోజి మాత్రం దీపాల వంక చూడడం లేదు. ఒక చెట్టు మొదట్లో వంగి, మానుకి చుట్టిన తీగని వేళ్ళతో తడుముతున్నాడు. చూసిరమ్మన్న నానమ్మ మాట గుర్తొచ్చి, చిహారు అతని వెనక్కి వెళ్ళి నిలబడింది. చాలాసేపటికి నోరు పెగిలింది.

"ఇవి... మీరు కట్టారా?"

షోజి ఉలిక్కిపడి తిరిగాడు. ఆ పిల్ల గొంతు అతను వినడం అదే మొదటిసారి.

"ఇక్కణ్ణుంచి ఆ కాఫీ కొట్టు దాకా తొమ్మిది చెట్లు నావి. మిగతావి మావాళ్ళు కట్టారు."

తీగని మానుకి పట్టి ఉంచిన తాడు మీద రెండు రెక్కల ముడి ఉంది. నానమ్మ వేలితో నెట్టేసిన కవరు మీది ముడే.

"ఇది ఊడిపోదా?" అంది చిహారు.

"లాగితే ఊడుతుంది. ఊడాలి కూడా. చెట్టు ఏటా లావెక్కుతుందండీ. విడని ముడి వేసి మనం పోయామనుకోండి, రెండేళ్ళకి తాడు బెరడులోకి దిగి కొమ్మ చస్తుంది. అందుకని చలికాలం అయ్యాక వచ్చి అన్నీ విప్పుతాం. విప్పేటప్పుడు చూడ్డానికి ఒక్కరూ రారు లెండి. మళ్ళీ ఏడాది మళ్ళీ కొలిచి కడతాం."

"ఎన్నేళ్ళనుంచి?"

"పంతొమ్మిది. ఈ చెట్టు మొదట్లో నా రెండు చేతులకీ అందేది. ఇప్పుడు అందదు." కాస్త ఆగి, మెల్లగా చెప్పాడు. "ఆ కవరు కొట్లో కొన్నప్పుడు గట్టి ముడితోనే ఉంది. మీ ఊరికొచ్చే రైల్లో నా భయానికి పిసికి పిసికి తాడు జారగొట్టాను. మళ్ళీ కట్టాను. చేతులు తమకి తెలిసిన ముడే వేశాయి. మీ నానమ్మగారి ముందు అది చెబితే సాకు చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను."

చిహారు చెట్టుకేసి చూసింది. బెరడు మీద ఎక్కడా గాటు లేదు.

ఆరు కాగానే దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ప్రతి సాయంత్రం ఒక్క నిమిషం ఇలా ఆర్పుతారని తెలిసినవాళ్ళు కూడా గతుక్కుమన్నారు. కళ్ళు చీకటికి అలవాటుపడేకొద్దీ పైన నల్లటి కొమ్మలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి. వాటి మధ్యనుంచి నిజం నక్షత్రాలు, చిన్నవి, చల్లనివి, కనిపించాయి. ఇంత పెద్ద చెట్లు ఇంతసేపూ ఇక్కడే ఉన్నాయి, వెలుగును మోస్తూ, తాము కనబడకుండా. చిహారుకి కళ్ళు చెమర్చాయి. దేనికో తనకే తెలియదు.

మళ్ళీ వెలిగాయి. "ఓ!" అని జనమంతా ఒక్క గొంతుతో అన్నారు. అందులో చిహారు గొంతు కూడా ఉంది.

"అమ్మా, ఫోన్ ఇవ్వు," అంది.

మసామి ఫోన్ ఇచ్చింది. షోజి సంగతి గ్రహించి, వినబడనంత దూరం, రెండు చెట్లు దాటి వెళ్ళి నిలబడ్డాడు.

"చూశావా?" అంది నానమ్మ, పలకరింపు కూడా లేకుండా.

"చూశాను. పంతొమ్మిదేళ్ళనుంచి అవే తొమ్మిది చెట్ల దగ్గరికి వస్తున్నాడు నానమ్మా. విప్పడానికీ వస్తాడు, కట్టడానికీ వస్తాడు. అందుకే ఆ ముడి."



"చెట్ల సంగతి సరే. నీ సంగతి చెప్పు."

"నాకు ఇష్టమే. రానీ నానమ్మా."

పక్కన మసామి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నానమ్మ గట్టిగా ముక్కు చీది, గొంతు సవరించుకుంది. "అయితే వచ్చే ఆదివారం భోజనానికి రమ్మను. చేమదుంపల పులుసు పెడతాను. ఆయన పుట్టింది కొండ అవతల కదా, అక్కడివాళ్ళంతా అందులో సోయా సాసు పోసి చెడగొడతారు. నా పులుసులో మాత్రం నేను సోయా గింజలు పులియబెట్టి చేసిన మీసో ముద్దే పడుతుంది. ఇష్టమో కాదో ఇప్పుడే కనుక్కో."

"ఇప్పుడా? దూరంగా ఉన్నాడు."

"కేకెయ్యి!"

చిహారు పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో కేక వేసింది లేదు. ఊపిరి నిండా పీల్చుకుంది.

"షోజి గారూ! పులుసులో మా నానమ్మ మీసోయే వేస్తుందట! మీకు ఫర్వాలేదా?"

వీధిలో ఇరవై తలలు తిరిగాయి. షోజి ఒక్క క్షణం బొమ్మలా నిలబడిపోయాడు. తర్వాత చేతులు రెండూ తొడలకి ఆన్చి, చిహారు చేతిలోని ఫోన్‌కేసి నడుం వంచాడు.

"ఏమంటున్నాడు?" అంది నానమ్మ.

"నీకు వంగి నమస్కారం చేస్తున్నాడు."

"ఫోన్‌కా? పిచ్చి మనిషి. ఎంతసేపు?"

చిహారు చూసింది. అతని వీపు మీద బంగారు వెలుగు పడుతోంది, జనం పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు.

"ఇంకా లేవలేదు నానమ్మా."