హారన్‌కు వేరే ధర

ఆ ఇంట్లో వీడియో గేములు ఆడేది ఇద్దరే. ఒకరు కోడలు, ఇంకొకరు మామగారు.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ కనుపాపల మధ్య దూరం కొలవడం, అద్దాలను ఫ్రేముకు సరిపోయేలా అరగదీయడం, వదులైన మరలు బిగించడం ఆమె పని. పొద్దస్తమానం అలా సన్నటి గీతలు చూసి చూసి ఇంటికొచ్చాక, సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని రాక్షసుల్ని నరికితే తప్ప ఆమెకు అలసట తీరదు. మొదటి ఉద్యోగం చేస్తున్నప్పుడు కొనుక్కున్న గేమ్ మిషన్‌ను అత్తవారింటికి వెంట తెచ్చుకుంది. చెప్పుల బీరువా మీదున్న టీవీ పక్కన దానికో చోటు చూసుకుంది. భర్తకు ఆ గోల పట్టదు. అతనిది బేకరీ ఉద్యోగం. తెల్లవారకముందే వెళ్ళి పిండి కలపాలి కాబట్టి సాయంత్రమయ్యేసరికి కూర్చున్నచోటే కునుకు తీస్తుంటాడు.

మామగారు సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన కొత్తలో బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద కూడలిలో పోయే బండ్లన్నిటికీ వంకలు పెట్టేవారు.

"చూడు, చూడు! ఇండికేటర్ వేయకుండా ఎలా తిప్పేశాడో!"

"వాడికి వినపడదండీ. నాకు మాత్రం శుభ్రంగా వినపడుతోంది" అనేది వంటగదిలోంచి అత్తగారు.

ఆవిడ బాధ చూడలేక కోడలు ఒకరోజు బస్సు నడిపే గేమొకటి చవగ్గా దొరికితే కొనుక్కొచ్చి, మీటలున్న రిమోట్ మామగారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "క్లచ్ ఎక్కడమ్మా?" అన్నారు. అంతే, ఆ రోజుతో బాల్కనీ కుర్చీ ఖాళీ అయింది.

ఆటలో ఆయన బస్సు ఎప్పుడూ ఆలస్యమే. ప్రతి స్టాపులోనూ ఎక్కినవాళ్ళంతా సీట్లలో సర్దుకునేదాకా కదిలించేవారు కాదు. ఆలస్యమైందని ఆట పాయింట్లు కోస్తే తెర మీదకు చెయ్యి చూపించి వాదించేవారు.

"ఆ పెద్దావిడ ఇంకా నిలబడే ఉంది. ఎలా కదిలించమంటావ్? నీకు తల్లి లేదా?"

"మామయ్యా, ఆవిడ బొమ్మ."

"అయితే మాత్రం, పడిపోదూ?"

సాయంత్రం టీ తాగాక కాసేపు ఆయన బస్సు, తర్వాత ఈమె రాక్షసులు. ఈమె ఆడుతున్నంతసేపూ ఆయన పక్కన కూర్చుని, "వెనకాల ఒకడొస్తున్నాడు, చూసుకో. ఎడమకి కొయ్, ఎడమకి" అంటూ దారి చెప్పేవారు. ఆ ఇంట్లో మామా కోడళ్ళు పోట్లాడుకున్నారంటే అది రిమోట్ గురించే అయి ఉండేది.

ఒక సాయంత్రం ఆయన బస్సు వంతెన ఎక్కుతుండగా మిషన్ గురకపెట్టినట్టు చప్పుడు చేసి ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు. రిపేరు చేసే అతను మూత విప్పి లోపలికి టార్చి కొట్టి చూసి పెదవి విరిచాడు.

"దీని వయసుకి ఇది బాగానే బతికిందండీ. లోపల బోర్డు పోయింది. ఆ పార్టు ఇప్పుడు రావట్లేదు. కొత్తది చూసుకోండి."

కొత్తది చూసుకోవడానికి వెళ్ళిన కోడలు అట్టపెట్టె మీది ధర రెండుసార్లు చదివింది. ఆమె పాతది కొన్నప్పుడు నెల జీతంలో కొంత మిగిలింది. ఇప్పుడు జీతం పెరిగింది గానీ మిషన్ ధర అంతకన్నా పైకెక్కి కూర్చుంది. సరే, నిదానంగా కూడబెడదామనుకుంది. దుకాణం పక్క హోటల్లో తినడం మానేసి ఇంటినుంచి డబ్బా తీసుకెళ్ళింది. కొత్త చెప్పుల్ని వాయిదా వేసింది. ఇక కొనేయొచ్చు అనుకుని షాపుకు వెళితే అట్ట మీద పాత ధర కొట్టేసి కొత్త కాగితం అంటించి ఉంది.

"ఇదేంటండీ! పాతబడేకొద్దీ ధర తగ్గాలి కదా?"

"ఒకప్పుడు తగ్గేదండీ" అన్నాడు షాపతను, తనకూ అది అర్థం కావట్లేదన్నట్టు. "లోపల వేసే చిప్పుల ధర పెరిగిందంటున్నారు. గేములూ పెరిగాయి. వేరేవాళ్ళతో కలిసి ఆడాలంటే నెలనెలా కట్టేదీ పెరిగింది."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె, "ఇక వదిలేద్దాం మామయ్యా. మన వల్ల కాదు. ముందు ఫ్రిజ్ మార్చాలి" అంది. ఆ ఫ్రిజ్ తలుపు మూతపడాలంటే కుర్చీ అడ్డం పెట్టాల్సి వస్తోంది మరి.

"నా జీతంలో కొంత సర్దుతాలే" అన్నాడు భర్త.

"ఆ సర్దేది ఫ్రిజ్‌కి సర్దు."

"సరేలేమ్మా, ఆటే కదా" అన్నారు మామగారు. మర్నాడు మళ్ళీ బాల్కనీ కుర్చీలో కూర్చున్నారు. కానీ ఈసారి ఎవరికీ వంకలు పెట్టలేదు. ఒకడు ఏకంగా ఎదురు దారిలో స్కూటర్ తోలుకుంటూ వచ్చినా ఊరుకున్నారు. అత్తగారికి కంగారు పుట్టింది.

"తిట్టడం కూడా మానేశారే ఈయన! డాక్టరుకి చూపిద్దామా?"

అయితే కొద్దిరోజులకే ఆయన మళ్ళీ మనిషయ్యారు. పొద్దున్నే తయారై నడకకని వెళ్ళేవారు. మధ్యాహ్నం తిని కాస్త నడుం వాల్చి మళ్ళీ నడకకని వెళ్ళేవారు. ఈల వేసుకుంటూ వచ్చేవారు. గడ్డం రోజూ గీసుకునేవారు. ఇంట్లో కాళ్ళకడ్డం పడకుండా బయట తిరుగుతున్నందుకు అత్తగారు లోలోపల సంబరపడింది. ఎక్కడికి, ఏమిటి అని ఆరా తీయలేదు.

విషయం పట్టుకున్నది కోడలే. సెలవురోజు పొద్దున ఆయన పేపరు చదువుతుంటే టీ ఇవ్వబోయి ఆగిపోయింది. ఆయన ముఖం మీద కొత్త కళ్ళజోడుంది.

"మామయ్యా, ఇదెక్కడ చేయించారు?"

ఆయన ఉలిక్కిపడి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోబోయారు. "ఇదా... పాతదేనమ్మా."

"పాతది నేను చేసింది. దాని మొహం నాకు తెలియదా? ఇలా ఇవ్వండి."

వెలుతురుకేసి పట్టి చూసింది. అద్దాలు సరిగ్గా కుదరలేదు. కుడివైపు అద్దం నడిమి భాగం కనుపాపకు ఎదురుగా రాకుండా బాగా పక్కకు బిగించారు. చెవులకు తగిలించే కాడలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది. ఇంట్లో మనిషిని పెట్టుకుని ఈయన ఇంకో దుకాణానికి వెళ్ళారన్న మాట ఒకటైతే, ఇంత అన్యాయంగా చేసిచ్చారన్నది ఇంకొకటి.

"ఇది పెట్టుకుంటే తలనొప్పి రావట్లేదా?"

"వస్తోంది" అని ఒప్పుకున్నారాయన. "నీ దగ్గరికొస్తే కళ్ళ పరీక్ష కాగితం ఎందుకని అడుగుతావని..."

"ఏం కాగితం?"

ఇక దాచి లాభం లేదనుకున్నారేమో, పేపరు మడిచి పక్కన పెట్టారు. బడిపిల్లల వ్యాన్ నడుపుతున్నారట. పొద్దున బడికి చేర్చడం, మధ్యాహ్నం ఇళ్ళకి దింపడం. పాత డిపోలో తనతో పనిచేసిన మెకానిక్ చెప్పి పెట్టించాడట. కళ్ళు బాగున్నాయని కాగితం తెమ్మంటే, దొరికిన దుకాణంలో చూపించుకుని వాళ్ళిచ్చిన జోడు తెచ్చుకున్నారు.

"ఎందుకు మామయ్యా? ఇంట్లో ఏం తక్కువైందని?"

ఆయన టీవీ పక్కన దుమ్ము పట్టిన చోటు వైపు చూసి తల గోక్కున్నారు. "నువ్వు చెప్పులు కూడా కొనుక్కోకుండా దాచావు. నేను కాళ్ళూ చేతులూ ఆడుతుండగా ఊరికే కూర్చుని ఏం చేయాలి? కొన్నాళ్ళు నడిపి, మిషన్ కొనేసి, మానేద్దామనుకున్నా."

ఆడుకునే బొమ్మ కోసం ఈ వయసులో పెద్దాయన్ని పనికి తరిమినట్టయిందే అనిపించింది కోడలికి. "ఇవాళే మానేయండి" అంది.

"మానను."

"మామయ్యా!"

"ఇప్పుడు మిషన్ సంగతి కాదమ్మా. ఆ పిల్లలున్నారు చూడు, దిగేటప్పుడు ఒక్కొక్కళ్ళూ 'టాటా తాతా' అని చెప్పి మరీ దిగుతారు. ఆ గేములో అన్నాళ్ళు నడిపాను, దిగినవాడు ఒక్కడైనా వెనక్కి తిరిగి చూశాడా?"

ఈలోగా అత్తగారు గుమ్మంలోకి వచ్చి అంతా విన్నది. ఏం గొడవ చేస్తుందోనని ఇద్దరూ బిక్కచచ్చి చూశారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "ఈ వ్యాన్‌కి ఆదివారం సెలవెందుకటా? రోజూ నడపకూడదూ?" అని లోపలికి వెళ్ళిపోయింది.

కోడలు ఒక్క షరతు పెట్టింది. "పిల్లల్ని ఎక్కించుకుని నడిపేటప్పుడు ఈ దరిద్రపు జోడు పెట్టుకోవడానికి వీల్లేదు." అప్పటికప్పుడు ఆయన్ని బయల్దేరదీసి తన దుకాణానికి తీసుకెళ్ళింది. మళ్ళీ పరీక్ష చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, "కదలకండి, నా నుదురు చూడండి" అని స్కేలు పెట్టి కొలిచింది. అద్దాలు తనే అరగదీసి, కాడలు చెవుల వెనక సరిగ్గా కూర్చునేలా వేడిచేసి వంచింది. అవి పెట్టుకుని ఆయన దుకాణం గుమ్మంలో నిలబడి, రోడ్డవతల బస్సు మీద రాసి ఉన్న ఊళ్ళ పేర్లన్నీ వరసగా చదివేశారు. దుకాణంలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆయనకు జీతం వచ్చాక ఇద్దరూ కలిసి గేముల షాపుకు వెళ్ళారు. అట్ట మీద ఇంకో కొత్త కాగితం అంటించి ఉంది. మామగారు కళ్ళజోడు సర్దుకుని దాన్ని చదివి, షాపతన్ని పిలిచారు.

"పోయినసారి కన్నా ఇందులో ఏం ఎక్కువ పెట్టారు బాబూ?"

"ఏమీ లేదండీ. అదే మిషన్."

"మరి?"

"ధర పెరిగిందండీ."

"మా బస్సులో టికెట్ పెంచినప్పుడు కనీసం సీట్లకి కొత్త గుడ్డ వేసేవాళ్ళయ్యా!"

షాపతను నవ్వేశాడు. అతనేం చేస్తాడు పాపం? అతనికి పైనుంచి వచ్చిన ధర అది. లోపలినుంచి మూత కాస్త సొట్టపోయిన అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. దాన్నెవరో ఒకతను కొనుక్కెళ్ళి, ఇంట్లో భార్య చేత చీవాట్లు తిని, విప్పకుండానే తిరిగిచ్చేశాడట. దాన్ని పాత ధరకే ఇస్తానన్నాడు. ఆ ధరకూ ఇద్దరి డబ్బులూ కలిపితేనే సరిపోయాయి. బస్సు గేము కొత్తది కూడా వచ్చిందంటే అదీ తీసుకున్నారు. బయటికి రాగానే మామగారు, "ఆ భార్యాభర్తలు చల్లగా ఉండాలి" అన్నారు.

ఇంటికొచ్చి అన్నీ తగిలించి బస్సెక్కారు. కొత్త గేములో రోడ్లు నిగనిగలాడుతున్నాయి, బస్సు అద్దం మీద వాన చినుకులు కూడా జారుతున్నాయి. మామగారి మొహం వెలిగిపోయింది. అంతలో ఒక మేక దారికి అడ్డం వచ్చింది. హారన్ మీట నొక్కారు. మోత రాలేదు. తెర మీద ఏవో అక్షరాలు పడ్డాయి.

"ఏమంటోందమ్మా?"

కోడలు చదివి తల పట్టుకుంది. "హారన్ విడిగా కొనుక్కోవాలట మామయ్యా."

"ఏంటీ?"

"ఒక బస్సు, ఒక రూటే ఇచ్చారు. మిగతా బస్సులకి వేరే డబ్బులు, వంతెన రూటుకి వేరే, హారన్‌కి వేరే."

ఆయన రిమోట్‌ను అనుమానంగా తిప్పి చూశారు. "బ్రేకులైనా కలిపే ఇచ్చారా, లేక వాటికీ విడిగానా?"

బ్రేకులు ఇచ్చారు. మేక మాత్రం కదల్లేదు. మామగారు గుండె నిండా గాలి పీల్చుకుని "పాం... పాం..." అని నోటితోనే మోగించారు. సోఫాలో కునుకుతున్న కొడుకు అదిరిపడి లేచి చెప్పులు వెతుక్కున్నాడు. వంటగదిలో గిన్నె జారి పడింది. "ఏమైందర్రా!" అంటూ అత్తగారు గరిటెతో పరిగెత్తుకొచ్చింది. తెర మీద మేక తన దారిన తాను పోయింది.

"చూశావా, పైసా ఖర్చు లేదు" అన్నారు మామగారు.

తర్వాతి నెలల్లో హారన్ ధర కూడా పెరిగిందని తెర మీద కనపడేది. వీళ్ళు పట్టించుకోలేదు. ఫ్రిజ్ మారింది. కోడలు చెప్పులు కొనుక్కుంది. మిషన్ మీద ఇంకేం కొత్తవి కొనకూడదని, ఉన్నవాటినే అరగదీద్దామని మామా కోడళ్ళు ఒప్పందం చేసుకున్నారు. ఆమెకు పాత రాక్షసులే చాలు. ఒకసారి చంపినవాళ్ళనే మళ్ళీ చంపడంలోనూ సుఖముందని కనిపెట్టింది.

మామగారు మాత్రం ఆడడం తగ్గించారు. వ్యాన్ దిగివచ్చి, పిల్లలు చెప్పిన కబుర్లన్నీ ఇంట్లో ఏకరువు పెట్టి, టీ తాగి, సోఫాలో తన చోట కూర్చునేవారు.

ఒక సాయంత్రం కోడలు రిమోట్ అందిస్తూ, "ఇవాళ మీ వంతు మామయ్యా. బస్సు తీస్తారా?" అని అడిగింది. ఇంకా ఎండ పూర్తిగా పోనేలేదు, ఆయన బూట్లతోనే వెనక్కి వాలి నిద్రపోతున్నారు. ఇటు పక్క తండ్రి, అటు పక్క కొడుకు, ఇద్దరిదీ ఒకటే గురక. ఆమె ఆయన కళ్ళజోడు మెల్లగా తీసి మడిచి బల్ల మీద పెట్టింది. టీవీ శబ్దం తగ్గించి, వాళ్ళిద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని, తన గుహలోకి దిగింది. లోపల చీకట్లో దారి రెండుగా చీలింది. ఎటు వెళ్ళాలా అని ఆగింది.

"కుడివైపు వెళ్ళమ్మా" అన్నారు మామగారు కళ్ళు తెరవకుండానే. "ఎడమవైపు రద్దీ."

కోడలు నవ్వాపుకుంటూ కుడివైపు తిరిగింది.