పంచకం వెళ్ళేదాకా

ఒక చేత్తో భుజం, ఇంకో చేత్తో తుంటి పట్టుకుని ఆయా కూర్మమ్మ జగ్గమ్మను పక్కకు తిప్పింది. వీపు తడిగుడ్డతో తుడిచి, ఆరాక పౌడరు రాసింది. ఇన్నాళ్లు మంచాన ఉన్నా ఎక్కడా పుండు పడలేదు. కూర్మమ్మకు అందులో కాస్త గర్వం ఉంది. ఆ మాట ఎవరితోనూ అనదు, అడిగేవాళ్లూ లేరు.

అరసవల్లి దాటాక పొలాల అంచున ఉన్న ఆ ఆస్పత్రిలో మందులు నొప్పికే గానీ జబ్బుకు కాదు. జబ్బు సంగతి పెద్దాసుపత్రుల్లో తేల్చేశాకే ఇక్కడికి పంపుతారు. వచ్చినవాళ్లు రెండు మూడు వారాలుంటారు. కొందరు దుప్పటి నలగకముందే వెళ్లిపోతారు. జగ్గమ్మకు డాక్టరు పదిహేను రోజులన్నాడు. వానలు వెలిసినప్పుడు వచ్చిన మనిషి, జీడితోటలు పూతకొచ్చినా ఉంది. చావుకు గడువు పెట్టడం ఎంత చదివినా కుదిరే పని కాదు కాబోలు.

"ఓలమ్మ, ఈయేల ఏ వారమే?" అంది జగ్గమ్మ.

"బుధవారం. రేపు నీ కొడుకొస్తాడు, ఇంటికెల్లిపోతావు."

"నిజింగానా?"

"నాను సెప్తన్నాను కదా."

జగ్గమ్మ కోరిక ఒక్కటే. పొందూరులో తన ఇంట్లో, రాట్నం ఉన్న నడవలో పోవాలి. బిళ్లలతో నొప్పి ఆగుతోంది, తీసుకెళ్లొచ్చని డాక్టరు కిందటివారమే చెప్పాడు. కొడుకు మురళీమోహన్ సరేనన్నాడు. ఈలోపు పంతులు పంచాంగం చూసి ధనిష్ఠా పంచకం వస్తోందన్నాడు. ఆ అయిదు నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలి. మురళీమోహన్ మూర్ఖుడేం కాదు. తండ్రి అలాంటి నక్షత్రంలోనే పోతే, మగ్గం లోపలే వదిలి తలుపుకు తాళం వేసి, పెళ్లాంపిల్లలతో ఎవరి అరుగుమీదో బతికినవాడు. గురువారం తెల్లారాక తీసుకెళ్తానన్నాడు.

బయట పోయినవాళ్లను ఇంట్లోకి తేరని కూర్మమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె మొగుడు ఎల్లాజీ విశాఖ ఆస్పత్రిలో పోయాడు. తమ పేటకు తెచ్చి వీధిలో చూరు కింద పడుకోబెట్టారు. తను కట్టించుకున్న గడపను తననే దాటనివ్వలేదు. ఆ రోజు వాన. చూరు నీళ్లు అతని పాదాల మీద కారుతూనే ఉన్నాయి. ఆ తర్వాతే ఆమె చేపల గంప దించేసి ఈ పనిలో చేరింది. ఆ పాదాలు గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపు రాదు, కోపం వస్తుంది.

నాలుగు చెంచాల గంజి తాగి జగ్గమ్మ తలగడ కింద తడిమింది. వాలుగ చేప దవడ ఎముక తీసింది. పొందూరు ఆడవాళ్లు దాని సన్నటి పళ్లతోనే పత్తిని దువ్వుతారు. మొదటిరోజు ఎవరో తిని పారేసిన ముల్లనుకుని కూర్మమ్మ దాన్ని చెత్తబుట్టలో వేయబోయింది. అప్పుడు తిన్న తిట్లు వార్డంతా విన్నది.

"ఇన్నేళ్లు సేపలమ్మావు, ఇది తెలీదేటే నీకు?" జగ్గమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

"మాది సంద్రం పిన్నీ. వాలుగలు సెరువుల్లోవి."

"రేపు నా కూడా రాయే. దూది దువ్వడం సూపిస్తాను."

"వస్తాన్లే. ముందు నువ్వు పడుకో."

మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడిగి వచ్చేసరికి జగ్గమ్మ ఊపిరి మారింది. నర్సు అనూరాధ నాడి చూసి, సాయంత్రం దాకా కూడా కష్టమేనంది. కూర్మమ్మ వరండాలోకి పోయి మురళీమోహన్‌కు ఫోన్ చేసింది.

"బాబూ, ఇప్పుడే బండి తెచ్చీ. మీ యమ్మ రేపటిదాకా ఆగదు."

"అప్పా, పంచకం ఇంకా పోనేదు. తెల్లారేదాకా ఎలాగోలా నిలపండి. మళ్లీ ఇల్లు మూసుకుని ఎక్కడికి పోను?"

"నిలపడానికి నానేటి దేవుడినా?"

లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుంది. జగ్గమ్మ వేళ్లు దుప్పటిని దువ్వుతున్నాయి.

"పిన్నీ, బండొచ్చీసింది. పొందూరెల్తన్నాం," అంది కూర్మమ్మ. అబద్ధమే. ఆడినందుకు ఆమెకు బాధ కలగలేదు.

"గడప... మెల్లిగా," అంది జగ్గమ్మ. కాసేపటికి, మూడు గంటలప్పుడు, వేళ్లు ఆగిపోయాయి.

పొద్దు వాలుతుండగా మురళీమోహన్ వ్యాన్‌తో వచ్చాడు. తల్లి కాళ్ల మీద తల పెట్టి ఏడ్చాడు. తర్వాత, పోయిన నక్షత్రం అడగాలి కాబట్టి, పంతులుకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి ఫోన్ మంచం మీద ఉంచాడు.

"మూడింటికా? అయితే దోషం లేదు," అన్నాడు పంతులు. "చివరి నక్షత్రం రేవతి పొద్దున్న పదింటికే వెళ్లిపోయింది. పంచకం అయిపోయింది."

"గురువారం నుంచే మంచిదన్నారు కదండీ!"

"జాగ్రత్తకు ఒక రోజు కలిపి చెప్పాను నాయనా."

అవతల ఫోన్ పెట్టేసినా మురళీమోహన్ దాన్ని చూస్తూనే ఉండిపోయాడు. కూర్మమ్మకు గట్టిగా తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో తేలలేదు. జగ్గమ్మను దుప్పటిలో చుట్టి, వ్యాన్ దాకా తనూ ఒక చెయ్యి వేసింది.

"బాబూ, వీధిలో సూరు కింద మాత్రం ఎట్టకండి. నీల్లు కారతాయి."

"ఇప్పుడు వానలెక్కడివి అప్పా?"

"అయినా ఎట్టకండి."

వ్యాన్ వెళ్లిపోయింది. సోంపేట నుంచి ఎవరో వస్తున్నారని అనూరాధ చెప్పింది. కూర్మమ్మ పరుపు తుడిచి, కొత్త దుప్పటి పరిచి, గలీబు మార్చడానికి తలగడ ఎత్తింది. కింద వాలుగ దవడ ఉంది, పళ్ల మధ్య ఎప్పటిదో కాస్త దూది.