బోసిపోయిన పుట

రోహిణీకార్తె ప్రవేశించి నాలుగు దినములైనను ఒక్క చినుకైన రాల్పని నిర్దయాకాశము క్రింద రాజమహేంద్రవర మహానగరము మధ్యాహ్నమార్తాండ చండకిరణ తాపమునకు సొమ్మసిల్లి పడియుండెను. వీథులయందలి తారు మెత్తబడి పాదరక్షల నంటుకొనుచుండగా గోదావరి గట్టుమీది సోడాబండ్లవారు సైతము బండ్లకు గోనెలు కప్పి యిండ్లు చేరిరి. అట్టి వేళ దానవాయిపేటలో నొక కాఫీహోటలుపై మేడగదియందు ఇందుమతి యను వెబ్‌సైటు రూపకర్త్రి కంప్యూటరు తెరయెదుట కూర్చుండి ఒకే పుటను ముప్పదినాలుగవ మారు దిద్దుచుండెను. ఆమెకు నడుము నొచ్చుచుండెను. కన్నులు మండుచుండెను. అన్నిటికంటె విసుగు మిక్కుటముగా నుండెను.

ఆ పుట చివురు సాఫ్ట్‌వేరు అను చిన్న సంస్థది. కడియము పరిసరములందలి నర్సరీలవారికి ఏ మడిలో నెన్ని మొక్కలు కలవో ఏ లారీకి నెన్ని యెక్కినవో తెలుపు ప్రోగ్రామును పదునొకండేండ్లుగా నడుపుచున్న యా సంస్థలో మనుష్యులు నలుగురే. వారికి పెద్ద అడబాల సుబ్బారాయుడు. ఈయన మంచివాడు. అయ్యా, మంచివారితో పనిచేయుట యెంత కష్టమో చేసినవారికి గాని తెలియదు! క్రొత్త పుట వెలసిన మూడు మాసములలో నర్సరీలవా రొక్కరొక్కరుగా నీ ప్రోగ్రామును విడిచిపోవుచుండిరి. కారణమడిగిన నవ్వి యూరకుండిరి. పుటకు కళ తప్పుటచేతనే జనము తప్పిపోవుచున్నారని యాయన నిశ్చయించుకొనెను. ఇంకొక పదిమంది పోయినచో సంస్థకు తాళము వేసి నలుగురును నాలుగు దారులు పట్టవలసినదే.

కావున నాయన దినమునకొక మారు ఇందుమతి గదికి మెట్లెక్కి వచ్చి తెరను కన్నార్పక చూచి ఒకే మాట పలుకుచుండెను.

“బోసిగా ఉందండీ బాబూ. ఏదో తక్కువైంది.”

“ఏం తక్కువైందో చెప్పండి, పెడతాను.”

“అదే తెలీట్లేదండి. తెలిస్తే చెప్పనేంటండీ?”

పండ్లూడిన నోటికిని నగ లేని మెడకును పెండ్లివారు వెడలిపోయిన పందిటికిని మనవారు వాడు మాట యిది. దీనిని మాన్పు సూత్రము ఇందుమతి చదివిన రూపకల్పనాశాస్త్రమున నెందును లేదు. ఆమె మొదట కళకళలాడు క్రోటను మొక్కల చిత్రము నుంచెను. బోసిగానే యుండెనట. బంతిపూల యంచు దిద్దెను. అక్షరముల నటునిటు నడిపించెను. నవ్వుచున్న కుటుంబమొకదానిని తెచ్చి నిలిపెను. పుట తెరచినంతనే నీటిచుక్కలు రాలు చప్పుడు సైతము చేర్చెను. తొలినాడు నిర్మలముగా నుండిన పుట యిప్పుడు పెండ్లికి పోవు లారీవలె నుండెను, అయినను బోసియే!

ఆనాడు సుబ్బారాయుడు చెమటలు క్రక్కుచు రెండు మజ్జిగపొట్లములు పట్టుకొని వచ్చి చూచి నిట్టూర్చెను. “కష్టపడ్డారండి. కానీ బోసిగానే ఉందండి.”

ఇందుమతికి తలప్రాణము తోకకు వచ్చెను. కోపించుటకు కూడ నోపిక చాలక ఆమె తన చేయి పడక మునుపటి పాత పుటను వెదకి తీసి తెరపై ప్రక్కన నిలిపెను. “మొదట్లో నిండుగా ఉండేదన్నారుగా. ఇందులో ఏముందో ఇద్దరం చూద్దాం రండి.”

ఆకుపచ్చని నేలపై నెఱ్ఱని యక్షరములతో నది చూడనలవిగాక యుండెను. నిండుదనమన నేమియు కానరాలేదు. అట్టడుగున మాత్రము చిన్న యక్షరములలో నొక పంక్తి కలదు. *ఏ ఇబ్బంది వచ్చినా మంగతాయారు గారికి ఫోన్ చెయ్యండి.* ప్రక్కన సెల్ నంబరు.

“ఈ మంగతాయారు గారెవరండీ?”

సుబ్బారాయుడు మజ్జిగపొట్లము బల్లపై నుంచెను. “మా అక్కండి. ప్రోగ్రామంతా రాసింది తనే. నేను ఊళ్ళు తిరిగేవాణ్ణి, అంతేనండి.”

ఇందుమతికి తొలినాటి సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఇంటి మనిషి పేరును సెల్ నంబరును ఉన్నచో పెద్ద కంపెనీవలె కనబడదు తీసివేయుడని యాయన చెప్పగా తానును సంస్కారమన తీసివేయుటయే యని తలచి యెవరిదో యడుగక ఒక్క మీటతో తుడిచి ఆ చోట నాలుగు గళ్ళ ఫారము నొకదానిని బిగించెను. మరునాటి యుదయమున మంగతాయారు పుట చూచి తాళములు బల్లపై నుంచి మాటాడక వెడలిపోయెనట. ఆమె యిల్లు ప్రక్కవీథియే. అభిమానము చేత నీయన పోలేదు. ఫోను చేసిన నామె యెత్తలేదు. సుబ్బారాయుడిది చెప్పుచుండగా ఇందుమతికి తన చేతిమీదనే రోత కలిగెను.

“మరి ఆ ఫారంలో ఎవరైనా రాశారా?”

“ఒక్కళ్ళూ రాయలేదండి. చేతులనిండా మట్టి పెట్టుకుని ఏం రాస్తారండీ వాళ్ళు? ఫోను చేస్తారు గానీ...”

అనుచు నాయన తన మాట తనకే వినబడి యాగిపోయెను. పంకా తిరుగుచుండెను.

“ఆ లైను మళ్ళీ పెట్టేయండి మేడం. ఇప్పుడే.”

“పెట్టడం నిమిషం పనండి. ఆవిడ లేకుండా పేరొక్కటీ పెడితే అదీ బోసే కదండీ.”

“నా నంబరు చూస్తే ఎత్తదండి తను.”

ఇందుమతి తన ఫోను నాయన ముందునకు త్రోసెను. తెరవంక చూడకయే యాయన వ్రేళ్ళు నంబరు నొక్కెను. అయిదు మారులు మ్రోగెను. తోటలలోని వారితో నేండ్లతరబడి బిగ్గరగా మాటాడి యలవడిన యొక కంఠము ఇందుమతికి సైతము స్పష్టముగా వినవచ్చెను.

“చెప్పండి బాబూ, ఎక్కడ ఆగిపోయింది?”

నర్సరీవాడెవడో పిలిచెనని యామె తలచినది. పుటలో పేరు వెదకి కానక పోయినవారు పోగా తొల్లి యా నంబరు వ్రాసికొనియున్నవారు నేటికిని ఆమెనే పిలుచుచుండిరి. అలిగి వెడలిన మనిషి మూడు మాసములుగా నింట గూర్చుండి యెవరును కోరకయే తమ్ముని సంస్థను మోయుచుండెను. సుబ్బారాయునికి కన్నీరు జలజల రాలెను.

“కంగారు పడకండి. తెర మీద ఏముందో చదవండి. ఎక్కడ ఆగింది?”

“నా దగ్గరేనక్కా,” అనెను సుబ్బారాయుడు. “నా దగ్గరే ఆగిపోయింది.”

తమ్ముని గొంతు గుర్తించియు ఆమె ఫోను పెట్టివేయలేదు.